తలుపుకి ఆకు

మా కాలేజీలో నన్ను చెత్త మేడం అంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు, నేను పలుకుతాను. హోటల్ మేనేజ్‌మెంటు, టూరిజం డిగ్రీ చదివే పిల్లలకి పర్యావరణం పేపర్ చెప్పేది నేనే. మొదటి రోజు పుస్తకం తెరవను. టేబుల్ మీద తెల్లటి గుడ్డ పరిచి, ఏదో ఒక హోటల్ గది నుంచి తెప్పించిన చెత్తబుట్టని దాని మీద బోర్లిస్తాను. సగం కొరికి వదిలేసిన రొట్టె, మూత తీయని షాంపూ సీసా, ఒక్కపూట తొడిగి పారేసిన గుడ్డచెప్పులు, తడిసిన టీ పొట్లాలు జలజలా పడతాయి. పిల్లలు ముక్కులు మూసుకుంటారు.

"మూసుకోకండర్రా. ముందు ముక్కు, తర్వాత కళ్ళు, చివర చేతులు," అంటాను.

గదులు శుభ్రం చేసేవాళ్ళ వరస అది. తలుపు తీయగానే ముందు వాసన చూడాలి. కళ్ళని మోసం చెయ్యడం తేలిక. దుప్పటి ముడతల్లేకుండా లాగి, దిండు నిలబెడితే చాలు. ముక్కుని మోసం చెయ్యడం కష్టం. ఆ చెత్తని బట్టి గదిలో ఎవరున్నారో, వాళ్ళకి అక్కర్లేనివి హోటల్ ఏమేం ఇచ్చిందో, ఇదంతా ఇక్కణ్ణించి ఎక్కడికి పోతుందో పిల్లలు చెప్పాలి. చెప్పేదాకా ఆ గుడ్డ మడవనివ్వను. మర్నాటి నుంచి ప్రాక్టీసు గదికి తీసుకెళ్తాను. అందులో ఒక మంచం, ఒక బాత్రూము, హోటల్లో ఉన్నట్టే ఉంటాయి. ఒక గది శుభ్రం చెయ్యడానికి ఎన్ని నీళ్ళు కావాలో, కడగడానికి ఎంత మందు కావాలో, ఎంతకి మించి అక్కర్లేదో అక్కడ చేతులతో నేర్చుకోవాలి.

తోటి లెక్చరర్లు దీన్ని పూలకుండీ పేపర్ అంటారు. హోటల్ వాకిట్లో పూలకుండీలాగ ఉంటే అందం, లేకపోతే నష్టం లేదని వాళ్ళ భావం. "మీ పేపర్లో తప్పినవాడు ఇంతవరకూ పుట్టలేదు మేడం," అని వంటల మాస్టారు వేళాకోళం చేస్తూ ఉంటాడు.

"మీ క్లాసులో వండింది తిని కూడా బతికినవాళ్ళే కదా మాస్టారూ నా దగ్గరకొచ్చేది. అలాంటి గట్టి పిండాలు ఎలా తప్పుతారు?" అంటాను నేను.

చెత్త మేడం అని పేరు పెట్టినవాణ్ణి ముక్కు అని పిలుస్తాను. వాడికి ఆ పేరు పెట్టింది నేను, కాబట్టి మాకూ మాకూ చెల్లు. చాలా ఏళ్ళ కిందట వాడు మొదటి బెంచీలో కూర్చునేవాడు. బుట్ట బోర్లించిన రోజు క్లాసంతా వెనక్కి జరిగితే వాడు ముందుకొచ్చి వంగాడు. "మేడం, దగ్గు మందు వాసన వస్తోంది. గదిలో జబ్బు మనిషి ఉన్నారు. ఉతికేవాళ్ళకి ఆ దుప్పట్లు వేరే పెట్టమని చెప్పాలి," అన్నాడు. వెతికితే గుడ్డచెప్పులో సీసా మూత దొరికింది. దుప్పట్లు ఉతికే మనిషి గురించి ఆలోచించిన పిల్లవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు. ఆ రోజు నుంచి వాడంటే నాకు ప్రాణం. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు. ఉన్న ప్రేమంతా వాడి మార్కుల మీద కుమ్మరించాను.

ఆ ముక్కు ఇప్పుడు చెరువు ఒడ్డున ఉన్న పెద్ద హోటల్‌కి జనరల్ మేనేజర్. హోదా పెద్దదైనా మనిషి మారలేదనుకున్నాను. కనపడితే లేచి నిలబడేవాడు. మా చెల్లెలికి కాపురం అచ్చిరాక నా దగ్గరకొచ్చేస్తే, నేను నోరు తెరిచి అడక్కుండానే తన హోటల్లో గదులు శుభ్రం చేసే పనిలో పెట్టుకున్నాడు. మా కాలేజీ బోర్డులో హోటళ్ళ తరఫు సభ్యుడు కూడా వాడే.

ఒకసారి సరాసరి మా ఇంటికే వచ్చాడు. ఆకు ఆకారంలో కత్తిరించిన పచ్చటి అట్టముక్క బల్ల మీద పెట్టాడు. పైన దారం కట్టి ఉంది.

"రోజూ దుప్పట్లు మార్చనక్కర్లేదు అనుకున్న అతిథి ఇది తలుపుకి తగిలిస్తాడు మేడం. దీని మీద ఒక్క వాక్యం రాసివ్వండి. చదవగానే మనసు కరగాలి."

"నన్నెందుకురా? మీకు అడ్వర్టయిజ్‌మెంట్లవాళ్ళు లేరా?"

"వాళ్ళు రాస్తే అమ్మకం వాసన వస్తుంది," అన్నాడు. ఆ మాటకి నేను పడిపోయాను.

టీ కాగే లోపల రాసిచ్చాను: "మీరు ఈ ఆకు తగిలిస్తే, మీ దుప్పటికి పోసే నీళ్ళు చెరువులోనే ఉండిపోతాయి." వాడు పైకి చదివాడు. మళ్ళీ చదివాడు. వాడి కళ్ళు చెమర్చాయి, నా కళ్ళారా చూశాను.

"దుప్పటి సంగతే సుమా," అన్నాను. "గది మాత్రం రోజూ తుడవాలి. తలుపు తీయాలి, కిటికీ తీయాలి."

"అంతేగా మేడం. మీరు చెప్పిన వరసే. ముందు ముక్కు," అని నవ్వి వెళ్ళాడు.

ఈ ఏడు ప్రిన్సిపాల్ నన్ను గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. ఆయన కుర్చీ చూపించాడంటే ఏదో ఊడబోతోందని అర్థం. పర్యావరణం పేపర్ తీసేసి, పిల్లల్ని ఏదైనా పెద్ద హోటల్‌కి ఒక పూట పంపి సర్టిఫికెట్ ఇప్పిస్తే సరిపోతుందని ఆలోచన వచ్చిందట. ఎవరికి వచ్చిందో చెప్పలేదు. బోర్డు మీటింగులో తేలుస్తారట. పేపర్ పోతే నాకు ఉద్యోగం పోదు. ఆఫీసులో కూర్చోబెట్టి హాజరు చూసుకోమంటారు. నాకు కావలసింది ఉద్యోగం కాదు. చేతులతో చెత్త ముట్టుకోని పిల్లలు రేపు హోటళ్ళు నడుపుతారు. అది తల్చుకుంటే నాకు ఒళ్ళు మండింది.

వెంటనే ముక్కుకి ఫోన్ చేశాను. "నేనుండగా మీ పేపర్ మీద ఈగ వాలనివ్వను మేడం. మీటింగులో నాకొదిలెయ్యండి," అన్నాడు. హాయిగా నిద్రపోయాను.

తర్వాత కొన్నాళ్ళకి ఒక సెలవు రోజు, మధ్యాహ్నం కాకుండానే మా చెల్లెలు ఇంటికొచ్చేసింది. ఒంటి మీద హోటల్ యూనిఫాం అలాగే ఉంది. మొహం మాత్రం మాడిపోయి ఉంది.

"ఏంటే, ఈ వేళప్పుడు?" అన్నాను.

"ఆకు పడింది."

నాకు అర్థం కాలేదు. చెప్పులు విడిచి గోడకేసి కొట్టినంత పని చేసింది.

"ఆకక్కా, ఆకు! నువ్వు రాసిచ్చావే, ఆ కవిత్వం. తలుపుకి ఆకుంటే ఆ గదిలోకి వెళ్ళొద్దంటారు. వెళ్ళొద్దంటే మాకు ఆ గది లేనట్టే. పొద్దున్నే వెళ్ళి వెనక వరండాలో నిలబడతాం. ఏ అంతస్తులో ఎన్ని ఆకులో చూసుకుని, నువ్వుండు, నువ్వు ఇంటికి పో అంటారు. అలా జీతం లేకుండా ఇంటికి పంపినవాళ్ళని ఆకు పడిందంటాం. ఈ మధ్య రోజు విడిచి రోజు నాకే పడుతోంది."

"దుప్పటి మార్చొద్దనే కదా ఆకు? గది తుడవొద్దని ఎవరన్నారు?"

"నన్నడుగుతావేం? నీ ముద్దుల శిష్యుణ్ణి అడుగు. ఆకు తగిలించినవాళ్ళకి సాయంత్రం జ్యూస్ ఉత్తినే ఇస్తున్నారు. ఇంకేం, ఎవడు తగిలించడు? ఆ హోటలు బయట్నించి చూస్తే అడవిలా ఉంది."

"మరి ఆకు తీసేశాక గది ఎలా ఉంటుంది?"

"ఎలా ఉంటుంది, రోజుల తరబడి మూసేసిన కొంప ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆ కంపంతా మిగిలినవాళ్ళు ఎప్పుడూ ఇచ్చే టైములోనే వదలగొట్టాలి. ఘాటు మందు సీసాలు పొయ్యాలి. దుప్పట్లు బ్లీచింగులో ముంచాలి. ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోతాయి? నీ చెరువులోకే!" అని చేతులు చాపింది. వేళ్ళ సందుల్లో తోలు లేచిపోయి ఉంది.

నేను ఆ చేతులు చూశాను, చూసి కూడా వాణ్ణే వెనకేసుకొచ్చాను. వాడికి తెలిసుండదు, కింద సూపర్‌వైజర్ల నిర్వాకం అయి ఉంటుంది, వాడికి తెలిస్తే ఊరుకోడు అన్నాను.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వెంత," అని చెల్లెలు దుప్పటి ముసుగేసుకుని పడుకుంది.

ఆ వారమే పిల్లల్ని అదే హోటల్‌కి తీసుకెళ్ళాల్సి ఉంది. ఏటా వెళ్తాం. ముక్కు గుమ్మం దాకా ఎదురొచ్చాడు. లాబీలో ఏసీ గాలితోపాటు అడవి వాసన వస్తోంది, వాన పడ్డ అడవి. అది ఎక్కడో డబ్బాలోంచి వస్తోందని నాకు తెలుసు, వాడికీ తెలుసు. మా క్లాసులో సందేహం అనే అమ్మాయి ఉంది. అసలు పేరు వేరేలెండి. నోరు తెరిస్తే ప్రశ్నే వస్తుంది కాబట్టి ఆ పేరు స్థిరపడింది. మేము పై అంతస్తు వరండాలోకి వెళ్ళేసరికి వరసగా అన్ని తలుపులకీ నా ఆకులే. గాలికి ఊగుతున్నాయి. పిల్లలు ఫొటోలు తీసుకున్నారు. "వాక్యం మన మేడందే," అని ముక్కు చెప్పగానే చప్పట్లు కొట్టారు. సిగ్గులేకుండా నాకు సంతోషం వేసింది కూడా.

కాసేపటి కిందటే ఖాళీ అయిన గది ఒకటి ఓరగా తెరిచి ఉంది. సందేహం చొరవగా తలుపు తీసింది. నేను నేర్పిన వరసే కదా, ముందు ముక్కు. గుమ్మంలోనే ఆగిపోయింది. మిగతా పిల్లలు దాని వెనక గుంపుగా ఆగారు. నేనూ ఆగాను. మురిగిన తువ్వాళ్ళ వాసన, దాని మీద ఎవరో మొన్నెప్పుడో చల్లిన సెంటు, దాని కింద బాత్రూములోంచి కళ్ళు మండించే మందు ఘాటు. అప్పటికే లోపల ఒకామె మూతికి గుడ్డ కట్టుకుని నేల తోముతోంది. ఆమె మా వైపు చూడలేదు.

"మేడం, నీళ్ళు మిగల్చడానికి కదా ఆకు? మరి ఇంత మందు ఎందుకు పోస్తున్నారు? ఇది ఎక్కడికి పోతుంది?" అంది సందేహం.

నేను ముక్కు వైపు తిరిగాను. పిల్లలందరి ముందు, పాత రోజుల్లోలాగే అడిగాను.

"చెప్పరా ముక్కూ. ఏం వాసన వస్తోంది?"

వాడు ఒక్క క్షణం నా కళ్ళలోకి చూశాడు. తర్వాత జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు.

"జలుబు చేసింది మేడం. ఏమీ తెలియడం లేదు," అన్నాడు.

పిల్లలు కిసుక్కున నవ్వారు. ముక్కుకే జలుబా అని ఒకడు జోకు కూడా వేశాడు. నేను నవ్వలేదు గానీ, చూడండి నా పిచ్చి, వాడి కోసం సాకు వెతుక్కున్నాను. పాపం, పిల్లల ముందు పరువు పోతుందని అలా అన్నాడు, లోపల్లోపల సిగ్గుపడి ఉంటాడు, రేపటి నుంచి సరిచేస్తాడు అనుకున్నాను. వెళ్ళేటప్పుడు వాడు కారు తలుపు తీసి పట్టుకుని, "మీటింగు సంగతి నేను చూసుకుంటాగా," అన్నాడు కూడా. ప్రేమకి కళ్ళుండవంటారు. నా ప్రేమకి ముక్కు కూడా లేకపోయింది.

మీటింగు రోజున ప్రాక్టీసు గదిలో కొత్త దుప్పటి పరిచాను, బోర్డువాళ్ళు చూడ్డానికి వస్తారేమోనని. ఎవరూ రాలేదు. కాన్ఫరెన్సు గదిలో ప్రిన్సిపాల్, వంటల మాస్టారు, ఇంకొందరు పెద్దలు, నా ఎదురుగా ముక్కు. వాడి కోటులోంచి ఆ డబ్బా అడవి వాసనే వస్తోంది. పర్యావరణం పేపర్ వంతు రాగానే, "మేడం శిష్యులు మీరే, మీరే చెప్పండి," అని ప్రిన్సిపాల్ వాడికి అప్పగించాడు.

వాడు లేచి నిలబడ్డాడు. ఎంత బాగా మాట్లాడాడో చెప్పలేను. తెల్ల గుడ్డ గురించి చెప్పాడు, దగ్గు మందు గురించి చెప్పాడు, నేను లేకపోతే తను ఇవాళ ఇక్కడ లేనన్నాడు. వంటల మాస్టారు కూడా తల దించుకున్నాడు. అయిపోయింది, గెలిచాం అనుకున్నాను.

అప్పుడు వాడు జేబులోంచి ఆకు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏడాది పొడుగునా చెప్పేదంతా మేడం ఒక్క వాక్యంలో చెప్పేశారు. నేనే చదువుతాను వినండి," అని చదివాడు. "ఇది చదివితే చిన్న పిల్లాడికైనా అర్థమవుతుంది. ఇంక దీనికి వేరే పేపరెందుకు, ప్రాక్టీసు గదెందుకు? పిల్లల్ని ఒక పూట మా హోటల్‌కి పంపండి. ఈ ఆకు ఎలా తగిలించాలో, అతిథికి ఎలా చెప్పాలో మేం నేర్పిస్తాం. ఆ ప్రోగ్రాంకి మేడం పేరే పెడదాం."

అందరూ చప్పట్లు కొట్టారు. మెచ్చి మేకతోలు కప్పడం అంటే వినడమే గానీ, ఆ తోలు బరువు నాకు ఆ రోజే తెలిసింది. ఆ ఆలోచన ఎవరికి వచ్చిందో కూడా అప్పుడే తెలిసింది.

లేచాను. "నేను దుప్పటి మార్చొద్దని రాశాను. తలుపు తీయొద్దని రాయలేదు. ఆకు తగిలించిన గదులు రోజుల తరబడి మూసేస్తున్నారు. పనివాళ్ళని ఇంటికి పంపుతున్నారు. తర్వాత ఆ కంపు పోవడానికి పోసే మందంతా చెరువులోకే పోతోంది. క్లాసు క్లాసంతా చూసింది," అన్నాను.

"అవి హోటల్ లోపలి విషయాలు మేడం, మనకెందుకు?" అన్నాడు ప్రిన్సిపాల్, మెత్తగా.

"మన పేపరే అది కదండీ! ఇంకేముంది అందులో?"

ముక్కు బల్ల మీది ఆకుని సర్దుతూ కూర్చున్నాడు. చేతులెత్తమంటే ఎత్తారు. వాడి చెయ్యి అందరికంటే ముందు లేచింది. వింతేమిటంటే, వంటల మాస్టారు ఒక్కడే చెయ్యి ఎత్తలేదు. నన్ను ఇన్నేళ్ళు ఏడిపించిన మనిషి!

బయట వరండాలో వాడు నన్ను అందుకున్నాడు. "మేడం, కోపం వచ్చిందా?"

"రాదేంట్రా? నమ్మి నీ చేతిలో పెట్టాను. నమ్మినవాణ్ణే నట్టేట ముంచావు. పేపర్ తీసెయ్యమని చెప్పేవాడివి ముందే చెప్పకపోయావా? నా వాక్యంతోనే నా గొంతు కొయ్యాలా?"

వాడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. వాడు నాతో ఆ ఏడాదంతటికీ నిజం మాట్లాడింది అప్పుడే అనుకుంటాను.

"మీ పిల్లలందరూ రేపు ఉద్యోగాలకి నా దగ్గరికే వస్తారు మేడం. ఆ రోజు ఆ అమ్మాయిని చూశారుగా. వచ్చిన ప్రతివాళ్ళూ తలుపు తీసి గుమ్మంలో నిలబడి వాసన చూస్తే, నేను హోటల్ నడపలేను. పైవాళ్ళు ఊరుకోరు. మీరు చెప్పేది తప్పని కాదు. మీరు మరీ బాగా చెప్తారు. అదే ఇబ్బంది."

తిట్టొచ్చు, తిట్లు చాలా వచ్చు నాకు. కానీ ఆ మొదటి బెంచీ పిల్లవాడు ఎక్కడైనా కనపడతాడేమోనని ఆ మొహంలోకి చూశాను.

"జలుబు తగ్గిందా?" అన్నాను.

వాడు నేల చూశాడు. "జలుబేం లేదు మేడం. ఆ రోజూ లేదు."

నేను ప్రాక్టీసు గది వైపు నడిచాను. తెల్ల గుడ్డా, నా బుట్టా తెచ్చుకుందామని. నేను మీటింగులో ఉండగానే గుమాస్తా ఎవరో తాళం వేసేసినట్టున్నారు, అంత తొందర ఏమొచ్చిందో. తాళం పక్కనే గడియకి పచ్చటి ఆకు వేలాడుతోంది. అలంకారానికి పెట్టారో, వేళాకోళానికి పెట్టారో, కొత్త ప్రోగ్రాంకి గుర్తుగా పెట్టారో నాకు తెలియదు. దాని మీద నా వాక్యం, కింద కొత్తగా అచ్చు వేసిన నా పేరు. మీటింగుకి ముందే అచ్చు వేయించారన్న మాట. ఇంక ఆ రోజు మా ఇంట్లో ఈ వాక్యం చదివి చెమర్చిన వాడి కళ్ళ గురించి నాకు చెప్పడానికేమీ లేదు.

గుమాస్తాని వెతికి తాళం తీయించి, గుడ్డా బుట్టా తీసుకుని బయటపడ్డాను. హాజరు పుస్తకాలు చూసుకునే ఉద్యోగం రేపటి నుంచట. ఇవాళ్టికి ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోమని ప్రిన్సిపాల్ కబురు పంపాడు. బస్సులో నా ఒళ్ళో చెత్తబుట్ట చూసి పక్కావిడ జరిగి కూర్చుంది.

ఇంటి తలుపు కొడితే చెల్లెలు తీసింది. ఆ రోజూ దాన్ని పనికి రానివ్వలేదు. జుట్టు ముడేసుకుని, చేతి వేళ్ళకి మందు రాసుకుంటోంది. నన్నూ, బుట్టనీ మార్చి మార్చి చూసింది.

"ఏంటక్కా, ఈ వేళప్పుడు?"

"ఆకు పడిందే," అన్నాను.

నవ్వుతుందనుకున్నాను, నీ శిష్యుడేగా అని దెప్పుతుందనుకున్నాను. అది నా చేతిలో బుట్ట అందుకుని, నేను లోపలికి రావడానికి పక్కకి జరిగింది.